కాలికి సపోర్టు వేశాక నడుము ఎలా కదులుతోంది? ఇంట్లోనే చూసుకునే పద్ధతి

కాలికి కొత్తగా ఏదైనా పెట్టుకున్నప్పుడు అందరూ చూసేది పాదాన్నే. అది చెప్పులో వేసుకునే మెత్తటి సోల్ కావచ్చు, పక్షవాతం తర్వాత ఇచ్చే, పాదాన్నీ చీలమండనీ పట్టి ఉంచే ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓ కావచ్చు, పోలియో కాలికి తొడ దాకా వచ్చే క్యాలిపర్ కావచ్చు. పాదం నిలబడిందా, ఎక్కడన్నా కరుస్తోందా, వెల్క్రో ఊడుతోందా, అంతే. రెండు వారాలు పోయాక మాత్రం "కాలికి పెడితే నడుము పట్టేసిందేంది సార్" అంటూ వస్తారు. పాదం కింద ఏది మార్చినా నడిచేటప్పుడు వెన్ను తన కదలికని దానికి తగ్గట్టు మార్చుకుంటుంది, ఒక్కోసారి మంచికే, ఒక్కోసారి కాదు. అందుకే సపోర్టు సరిపోయిందా లేదా అన్నది వెనక నిలబడి నడుముని చూసి తేల్చుకోవాలి. దానికి ల్యాబు అక్కర్లేదు, ఒక ఫోను, నాలుగైదు బొట్టుబిళ్లలు చాలు.

ముందు మామూలు నడకలో వెన్ను ఏం చేస్తుందో తెలియాలి, లేకపోతే వీడియో తీసినా అందులో ఏం చూడాలో అర్థం కాదు. ఒక మడమ నేలకి తగిలిన దగ్గర్నుంచి మళ్లీ అదే మడమ తగిలేదాకా ఒక చుట్టు అనుకోండి. అందులో దాదాపు 60 శాతం సేపు ఆ పాదం నేల మీద ఉంటుంది, 40 శాతం గాల్లో. కుడికాలు ముందుకు వేస్తే కటి (తుంటి ఎముకల గిన్నె) కుడివైపు నాలుగైదు డిగ్రీలు ముందుకు తిరుగుతుంది, ఛాతీ ఎదురు దిక్కుకి తిరుగుతుంది, కుడికాలుతో పాటు ఎడమ చెయ్యి ముందుకు రావడం అందుకే. ఈ రెండు తిరుగుళ్లూ వీపు మధ్యలో, ఏడో ఎనిమిదో ఛాతీ పూస దగ్గర సర్దుకుంటాయి. ఇది కాక, గాల్లో ఉన్న కాలి వైపు కటి ఐదు డిగ్రీల దాకా కిందికి వాలుతుంది, నడుము పూసలు దానికి ఎదురు వంగి ఆ వాలుని అక్కడే సర్దేస్తాయి, తల మాత్రం నిలకడగా ఉంటుంది. ప్రతి మడమ దెబ్బకీ వెన్ను పక్క కండరాలు ఒకసారి బిగుస్తాయి, మొండెం ముందుకు తూలకుండా. రోజుకి వేల అడుగులు వేస్తాం కాబట్టి ఇందులో కాస్త తేడా వచ్చినా సాయంత్రానికి నడుము చెప్పేస్తుంది.

వీడియో తీయడం ఇలా

చొక్కా తీసేసి, ఆడవాళ్లయితే ఇంట్లో ఆడవాళ్లే తీసేటట్టు చూసుకుని బిగుతు బనీనో వెనక లోతుగా ఉండే జాకెట్టో వేసుకుని, వీపు మీద బొట్టుబిళ్లలు అంటించండి. మెడ వంచితే వెనక పొడుచుకొచ్చే ఎముక మీద ఒకటి, రెండు రెక్క ఎముకల కింది కొసల మధ్య వెన్నుపూస మీద ఒకటి, నడుము దిగువన రెండు పక్కలా చిన్న గుంటలు పడతాయే, వాటిలో ఒక్కొక్కటి. ఈ రెండు గుంటలే అన్నిటికన్నా ముఖ్యం, కటి ఒరగడం అక్కడే కనిపిస్తుంది. లావుగా ఉన్నవాళ్లకి గుంటలు కనపడవు, అప్పుడు తుంటి ఎముక పై అంచుని చేత్తో తడిమి రెండు వైపులా ఒకే ఎత్తులో అంటించాలి.

ఫోనుని నడుము ఎత్తులో స్టూలు మీద కదలకుండా పెట్టండి. చేత్తో పట్టుకుని వెనకాలే నడుస్తూ తీస్తే మీ ఊగుడు కూడా అందులో కలిసిపోయి ఏది ఎవరిదో తెలీదు. ఎనిమిది పది మీటర్ల సమతలం కావాలి. మిద్దె మీద వానలో నీళ్లు జారడానికి వాలు ఇస్తారు కాబట్టి అక్కడ వద్దు. రోడ్డు అంచున వద్దు, రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుకి వాలు. మైపాడు బీచిలోనో కొత్తపట్నంలోనో నీళ్ల వారన అసలే వద్దు, సముద్రం వైపు కాలు ఎప్పుడూ కిందికే ఉంటుంది, కాళ్లు సమానంగా ఉన్నవాళ్లకి కూడా ఒక కాలు పొట్టి అయినట్టు వస్తుంది వీడియోలో. (ఇంకో మాట, రోజూ బీచిలో ఒకే దిక్కుకి వాకింగ్ చేసి ఆటోలో తిరిగొచ్చేవాళ్లకి ఒకే పక్క తుంటి నొప్పి రావడం వింతేం కాదు.) స్కూలు వరండానో కల్యాణ మండపం హాలో దొరికితే మంచిది. చీమకుర్తి గ్రానైటు పాలిష్ చేసి పరిచిన ఇళ్లు మన వైపు ఎక్కువ కదా, ఆ నున్నటి బండ మీద క్యాలిపర్‌తో ఉన్న మనిషి జారతానేమో అన్న భయంతో ఒళ్లంతా బిగబట్టి నడుస్తాడు, అది అతని మామూలు నడక కాదు.

మామూలు వేగంతోనే నడవమనండి. వీడియో కదా అని మెల్లగా, పెళ్లికూతురి నడక నడిస్తే అసలు విషయమే దాక్కుంటుంది, ఎందుకంటే బాగా నిదానంగా నడిచేటప్పుడు ఛాతీ, కటి దాదాపు కలిసే తిరుగుతాయి, వేగం పెరిగేకొద్దీ ఎదురెదురుగా తిరుగుతాయి. మొదటి రెండడుగులు, చివరి రెండడుగులు లెక్కలోకి తీసుకోకండి. వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. సపోర్టు లేకుండా, సపోర్టుతో, రెండూ తీయాలి, రెండింటికీ అదే చెప్పులు లేదా బూట్లు. ఒకటి ఉత్తకాళ్లతో, ఇంకోటి బూట్లతో తీస్తే తేడా బూట్లదో సపోర్టుదో చెప్పలేం. సపోర్టు లేకుండా నడిస్తే పడిపోయే మనిషైతే ఆ వీడియో మానేయండి, పాతది ఏదైనా ఫోనులో ఉంటే చాలు.

తర్వాత స్లోమోషన్‌లో చూడండి. కింది రెండు బిళ్లలు ప్రతి అడుగుకీ కొంచెం అటూ ఇటూ వాలాలి, రెండు వైపులా ఇంచుమించు ఒకే అంత. ఒక వైపే వాలుతూ రెండో వైపు వాలకపోయినా, ఒక వైపు పైకి లాగినట్టు అయినా గుర్తు పెట్టుకోండి. మెడ మీది బిళ్ల కటి మధ్యకి సూటిగా పైన ఉందా, ఒక కాలి మీద బరువు పడినప్పుడల్లా ఆ పక్కకి వెళ్లిపోతోందా? చేతులు రెండూ ఒకేలా ఊగుతున్నాయా? పక్క వీడియోలో మడమ తగిలిన క్షణంలోనూ, ఆ పాదం ఒంటి కిందికి వచ్చిన క్షణంలోనూ ఆపి చూడండి, మొండెం ముందుకు వంగుతోందా, మోకాలు వెనక్కి విరుచుకుంటోందా అని. శబ్దం కూడా వినాలి. పాదం నేలకి టప్‌మని కొట్టుకుంటే చూడకుండానే చెప్పొచ్చు.

మడమ ఎత్తు

వెన్ను మీద సూటిగా పనిచేసేది ఇదే, మనవాళ్లు ఆలోచించకుండా వేయించుకునేదీ ఇదే. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికెళ్లి "ఈ కాలు పొట్టి, అర అంగుళం ఎక్కించు" అంటే ఆయన ఎక్కిస్తాడు, ఆయన తప్పేముంది. ఎడ్లబండికి ఒక పక్క పొట్టి ఎద్దుని కడితే కాడి ఒరిగినట్టు, పొట్టి కాలి వైపు కటి దిగుతుంది. దాని మీద నిలబడ్డ నడుము వెన్ను అటువైపు ఉబ్బెత్తుగా వంగి తలని మధ్యకి తెచ్చుకుంటుంది. సరైన ఎత్తు పెడితే ఈ వంపు తగ్గుతుంది, నడిచేటప్పుడు భుజం దిగడం తగ్గుతుంది.

అయితే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి వెనక నుంచి చూడండి. కూర్చుంటే వంపు పోయిందంటే అది కాళ్ల వల్ల వచ్చింది. కూర్చున్నా అలాగే ఉంటే, ముందుకు వంగినప్పుడు వీపులో ఒక పక్క మూపురంలా లేస్తే, అది వెన్నుదే, మడమ కింద ఎంత పెట్టినా పోదు. రెండోది, కాలు నిజంగానే పొట్టిదా, లేక తుంటో మోకాలో పూర్తిగా చాచుకోక పొట్టిగా కనిపిస్తోందా? ఈ రెండో రకానికి ఎత్తు పెడితే ఆ కీలు ఇంకా బిగుసుకుపోతుంది, ముందు ఫిజియోథెరపీ కావాలి.

ఎంత ఎత్తు అన్నదానికి టేపు కన్నా చెక్కముక్కలు నయం. కార్పెంటర్ దగ్గర పారేసే సన్న ప్లైవుడ్ ముక్కలు తెచ్చుకుని, పొట్టి కాలి కింద ఒక్కొక్కటే పెడుతూ, వెనక నిలబడి రెండు చేతులూ తుంటి ఎముకల పై అంచుల మీద పెట్టి చూడండి. రెండు చేతులూ ఒక ఎత్తుకి వచ్చినప్పుడు ఆ ముక్కల మందం కొలవండి. అది మొత్తం తేడా. దాన్ని ఒకేసారి పెట్టకూడదు. ఒక సెంటీమీటరు లోపు తేడా చాలామందిలో ఉంటుంది, ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు, వాళ్ల జోలికి పోనక్కర్లేదు. ఇబ్బంది ఉన్నవాళ్లకి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు ఆగి, మళ్లీ వీడియో తీసి, భుజం ఇంకా దిగుతుంటే ఇంకాస్త. చాలామందికి మొత్తం తేడా నింపకముందే నడక కుదురుకుంటుంది, అక్కడే ఆపేయాలి. బూటు లోపల ఒక సెంటీమీటరు దాటితే మడమ బయటికి వచ్చేస్తుంది, ఆపైన కావాలంటే అడుగు సోలుకే వేయించాలి, మడమ దగ్గర ఒక్కచోటే కాకుండా ముందు దాకా, లేకపోతే పిక్క కండరం కుదించుకుపోతుంది.

పదిహేనేళ్లు పొట్టి కాలితో నడిచిన పెద్దవాళ్లకి వెన్ను ఆ వంపులోనే గట్టిపడి ఉంటుంది. అలాంటివాళ్లకి కటి సమం చేస్తే భుజాలు ఎదురు పక్కకి ఒరుగుతాయి, నొప్పి కొత్త చోట మొదలవుతుంది. అందుకే పెద్దవాళ్ల విషయంలో తుంటి సమంగా వచ్చిందా అని కాకుండా తల మధ్యలో ఉందా అని చూడాలి.

ఏఎఫ్‌ఓ, పాదం వాలిపోయేవాళ్లకి

పక్షవాతం వల్లో, మోకాలి పక్క నరం దెబ్బతినో, నడుములో డిస్కు జారి నరం నొక్కుకునో పాదం పైకి లేవకపోతే, బొటనవేలు నేలకి తగలకుండా మనిషి ఆ పక్క తుంటిని పైకి లాగి, మొండాన్ని రెండో పక్కకి ఒరగబెట్టి నడుస్తాడు. ఈ లాగడమంతా నడుము పక్క కండరాలే చేయాలి. ఏఎఫ్‌ఓ చీలమండని 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి లాగాల్సిన పని తగ్గాలి. వీడియోలో ఆ వైపు బిళ్ల పైకి లేవడం తగ్గిందంటే అది పనిచేస్తోంది. తగ్గకపోతే? పాత అలవాటు కావచ్చు, కొన్ని వారాలు నడక నేర్చుకోవాలి. లేదా ఏఎఫ్‌ఓ వంగిపోతూ ఉండొచ్చు.

అసలు చిక్కు అస్సలు వంగని గట్టి ఏఎఫ్‌ఓతో. మడమ తగలగానే పాదం నేలకి వాలాలి, అది వాలనివ్వదు, దాంతో మోకాలు ముందుకు తోసుకుపోతుంది. తర్వాత పిక్క పాదం మీదుగా ముందుకు ఒరగాలి, అదీ ఒరగనివ్వదు. అప్పుడు మనిషి మోకాలిని వెనక్కి విరిచి మొండాన్ని ముందుకు వంచి గట్టెక్కుతాడు, ప్రతి అడుగుకీ. చివర్లో వేళ్లతో నేలని నెట్టే బలం కూడా ఉండదు కాబట్టి ఆ కాలిని నడుము నుంచి ఈడ్చుకోవాలి. దీనికి మందు కాలి మీద లేదు, బూటు అడుగున ఉంది. మడమ దగ్గర మెత్తటి రబ్బరు, ముందు భాగం కొంచెం గుండ్రంగా పైకి లేచేలా సోలు. ఇవి చేయించుకుంటే చాలావరకు నడుము ఒంపు తగ్గుతుంది. కండరాల్లో కొంత బలం ఉన్నవాళ్లకి కీలున్న ఏఎఫ్‌ఓ సరిపోతుందేమో అడగండి.

మన ఇళ్లలో వచ్చే ఇబ్బంది ఇంకొకటి. ఏఎఫ్‌ఓని ఒక బూటు మడమ ఎత్తుకి సరిచేసి ఇస్తారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి ఉత్త ప్లాస్టిక్‌తో ఇంట్లో తిరిగితే మడమ ఎత్తు పోయి, పిక్క వెనక్కి ఒరిగి, మోకాలు విరుచుకుంటుంది, నడుము ముందుకు వంగుతుంది, దానికి తోడు బండ మీద జారుడు. బయట అరగంట, ఇంట్లో పది గంటలు నడిచేవాళ్లకి ఇంట్లో నడకే అసలు నడక. అందుకని అదే మడమ ఎత్తున్న ఇంకో జత, వెనక పట్టీ ఉన్నది, ఇంటికి మాత్రమే అని పెట్టుకోండి. ఇంట్లో చెప్పులేంది అని అమ్మమ్మలు అంటారు, అననివ్వండి. హవాయి చెప్పుల్లో ఏఎఫ్‌ఓ గానీ సోలు గానీ నిలవదు.

క్యాలిపర్ సంగతి. మోకాలు లాకు వేసి ఉంటుంది కాబట్టి కాలు మడవకుండా కర్రలా ముందుకు తేవాలి. తుంటి లాగుతారు, లేదా కాలిని పక్కనుంచి తిప్పి తెస్తారు, లేదా మంచి కాలి మునివేళ్ల మీద లేస్తారు. మంచి కాలి బూటుకి దాదాపు ఒక సెంటీమీటరు ఎక్కిస్తే క్యాలిపర్ కాలు నేలకి తగలకుండా వస్తుంది, నడుము లాగడం చాలా తగ్గుతుంది. చిన్న పని, అడగనిదే ఎవరూ చేయరు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు, కాబట్టి ఇప్పుడు పోలియో క్యాలిపర్ వాడేవాళ్లలో ఎక్కువమంది దశాబ్దాలుగా అలా నడుస్తున్న పెద్దవాళ్లే. తుంటి కండరం బలహీనంగా ఉన్నవాళ్లు బరువు పడిన పక్కకి ఒరగడం తప్పు కాదు, అలా ఒరిగితేనే పడకుండా ఉంటారు. "నిటారుగా నడువు" అని వెంటపడొద్దు. ఎదురు చేతిలో కర్ర ఇస్తే ఆ ఒరుగు దానంతట అదే తగ్గుతుంది.

చదును పాదాలకి ఇచ్చే సోళ్ల గురించి తక్కువ చెప్తే చాలు. పాదం లోపలికి ఒరిగితే పిక్క, తొడ లోపలికి తిరిగి, కటి కొంచెం ముందుకు వంగుతుంది, నిజమే, కానీ సోలుతో వచ్చే మార్పు వెన్ను దాకా వెళ్లేసరికి చాలా చిన్నది. నడుము నొప్పి రాకుండా సోళ్లు ఆపలేవని 2007లో కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని కలిపి తూచేది) గట్టిగానే చెప్పింది. పాదం నొప్పికి వాడుకోండి, నడుము నొప్పి పోతుందని వేలకి వేలు పోయకండి. ఐదారేళ్ల లోపు పిల్లలకి అరికాలు చదునుగా ఉండటం మామూలే.

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు వాళ్లకి ప్రత్యేకంగా

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల వెన్ను వేరేలా ప్రవర్తిస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. ఏళ్ల తరబడి అంతకన్నా ఎక్కువ తాగితే వెన్నుపూసల్ని కలిపి కట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి, మోకాళ్లు లోపలికో బయటికో వంకరపోతాయి. పైన చెప్పిన ఎదురు వంపు, ఎదురు తిరుగుడు ఇలాంటి వెన్నులో జరగవు. కటి ఐదు డిగ్రీలు వాలితే తలతో సహా మొండెం మొత్తం అంతే ఒరుగుతుంది. కాబట్టి పాదం కింద పెట్టింది నేరుగా భుజం దగ్గర తేలుతుంది. ముందు స్టూలు మీద కూర్చోబెట్టి అటూ ఇటూ పక్కకి వంగమనండి. వంగలేకపోతే మడమ ఎత్తు రెండేసి మిల్లీమీటర్లు చొప్పునే, మధ్యలో ఎక్కువ రోజులు ఆగి. మడమ దగ్గర మెత్తటి రబ్బరు ఇలాంటివాళ్లకి తప్పనిసరి అంటాను నేను, దెబ్బని తీసుకునే గుణం వాళ్ల వెన్నుకి తగ్గిపోయి ఉంటుంది. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి కాళ్లు కొత్తగా బిగుసుకుపోతున్నా, తడబడుతున్నా వెన్నుపాము నొక్కుకుంటోందేమో డాక్టరుకి చూపించాలి, ఏఎఫ్‌ఓ ఆ తర్వాత.

ఇక అలవాటు చేసుకోవడం. మొదటి రోజు గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పోండి. విప్పాక చర్మం మీద ఎరుపు ఇరవై ముప్పై నిమిషాల్లో పోవాలి, పోకపోతే అక్కడ ప్లాస్టిక్ సరిచేయించాలి. షుగరు, కుష్టు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు నొప్పి లేదని ధీమాగా ఉండకండి, రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోండి. అగ్నికార్తెల్లో ప్లాస్టిక్ లోపల చెమట కారిపోతుంది, కుట్లు లేని పొడుగు నూలు సాక్సు రెండు పూటలా మార్చాలి. మొదటి వారం పది రోజులు నడుము కండరాలు కొద్దిగా నొయ్యడం మామూలు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి పెరుగుతున్నా ఆపేసి చూపించుకోండి. పాదం హఠాత్తుగా వాలిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా మాత్రం సపోర్టుల సంగతి పక్కనబెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

చేయించుకోవడానికి తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది, నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ వికలాంగుల పునరావాస కేంద్రం, సీఆర్సీ ఉంది. వికలాంగులకి సాధనాలు ఇచ్చే కేంద్ర పథకం ఏడీఐపీ క్యాంపుల్లో కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్కో సామాను అర్హత ఉన్నవాళ్లకి ఉచితంగా ఇస్తారు. బయట చేయించుకుంటే ఆ చేసే మనిషికి ఆర్సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. పిల్లలకైతే మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ చూపించాలి, ఎముక పెరిగిపోతుంది. వెళ్లేటప్పుడు ఈ వీడియోలు, వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), రోజూ వేసుకునే చెప్పులు, ఇంట్లో వేసుకునే జత, అరిగిపోయిన పాత జత కూడా పట్టుకెళ్లండి, అరుగు ఏ పక్క ఉందో చూస్తే చేసేవాళ్లకి సగం పని తెలిసిపోతుంది. మోకాళ్ల పైకి వచ్చే నిక్కరు ఒకటి సంచిలో వేసుకోండి, ఫుల్ ప్యాంటులో, చీరలో నడిస్తే వాళ్లకి ఏమీ కనపడదు.